ఉప్పు డబ్బా కింది చార్టు

తెలిసే దాచాడా, పారేయడానికి చేతులు రాక దాచాడా?

చిట్టికి ఇప్పుడు తల సగం నెరిసింది. తను పాఠం చెప్పిన పిల్లలు వాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నారు. అయినా ఈ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆమె ఇంకా మొదటి బెంచీలోనే కూర్చుని ఉంది. పెదనాన్న ఉన్నన్నాళ్లూ, ఆ పాత చార్టులు ఎందుకు దాచావని అడుగుతూనే ఉండేది. “అలమారాలకు పురుగు పట్టకుండా పరిచానమ్మా” అన్నాడొకసారి. “పరిచింది మీ పెద్దమ్మ, దాన్నడుగు” అన్నాడింకోసారి. మిగతా అన్నిసార్లూ చేతి గడియారం చూసుకుని లేచిపోయాడు. పెద్దమ్మనడిగితే, “డ్రైవరు మనసులో ఏముందో కండక్టరుకేం తెలుస్తుందే? ఆయన ముందున్న రోడ్డు చూస్తాడు, నేను వెనకున్న జనాన్ని చూస్తాను” అనేది.

ఆ మాట ఉత్తినే అన్నది కాదు. పెదనాన్న, అంటే చిట్టి నాన్నకు అన్న, పద్దెనిమిదేళ్లు క్వారీ బస్సు నడిపాడు. అందులో పదకొండేళ్లు పెద్దమ్మే కండక్టరు. డిపో నుంచి రాళ్ల క్వారీకి ముప్పై ఒక్క కిలోమీటర్లు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం నాలుగూ నలభైకి ఒక ట్రిప్పు. ఆ దారిలో ఇంకో బస్సు లేదు. క్వారీ కాలనీ పిల్లలు బడికి రావాలన్నా, ఆడవాళ్లు ఆసుపత్రిలో ఊడ్చే పనికి రావాలన్నా అదే దిక్కు. ఆ ఇద్దరికీ సంబంధం కుదిర్చింది కూడా ఆ బస్సేనని డిపోలో అనేవారు. పెదనాన్న కాదనేవాడు కాదు. “టికెట్టు తీసుకోకుండా జీవితంలోకి ఎక్కేశాడు” అని పెద్దమ్మ మాత్రం దెప్పేది.

ఏడాదికోసారి జరిగే కంటి పరీక్షలో ఆయన కుడికన్నుకు పొర పట్టిందని తేలింది. స్టీరింగు చేతిలోంచి జారిపోయింది. డిపోవాళ్లు ఆయన్ని చార్టు గదిలో కూర్చోబెట్టారు.

చార్టు గది డిపోకి ఆ చివర, టైర్లు పేర్చే కొట్టు పక్కన. తలుపు తీస్తే రబ్బరు వాసన, కిటికీ తీస్తే డీజిలు వాసన. మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద కత్తెర, జిగురు డబ్బా, అంచులరిగిన చెక్క స్కేలు, ఎర్ర పెన్సిలు. డ్యూటీ చార్టంటే దుప్పటంత కాగితం. పై నుంచి కిందికి నలభై డ్యూటీలు, ఎడమ నుంచి కుడికి గంటలు. ఏ బస్సు ఎప్పుడు ఏ దారిన పోవాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగి ఏ డ్రైవరుకు అప్పజెప్పాలి, ఎవరికి భోజనం వేళ ఎప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. ఒక గడి జరిపితే తొమ్మిది గడులు కదులుతాయి. ఎనిమిది గంటలు దాటి ఎవరైనా స్టీరింగు పడితే తప్పు. బస్సుండి మనిషి లేకపోయినా, మనిషుండి బస్సు లేకపోయినా తప్పే. పెదనాన్న వందలోంచి ఒక్కో తప్పుకూ ఎర్ర పెన్సిలుతో మార్కులు కోసేవాడు.

చిట్టి కాలేజీ ఆ ఊళ్లోనే కావడంతో వాళ్లింట్లోనే ఉండి చదువుకునేది. ఒకరోజు అన్నం క్యారియరు తీసుకెళ్లి ఇస్తూ చూసింది. పెదనాన్న ఒక పాత చార్టును నిలువునా కత్తిరించి, పొద్దుటి సగం తీసుకుని, ఇంకో పాత చార్టు మధ్యాహ్నం సగానికి అతికిస్తున్నాడు.

“కొత్తది రాయొచ్చుగా పెదనాన్నా?”

“కొత్త చార్టు ఎవడూ రాయడమ్మా. పాత చార్టులకు పెళ్లి చేస్తాం. పుట్టినదాని తిక్క కుదురుస్తాం. అంతే.”

రెండేళ్ల తరువాత, కాలేజీ ఆఖరి సంవత్సరంలో, లెక్చరరు బోర్డు మీద జెనెటిక్ అల్గారిథం అని రాసి వివరించడం మొదలుపెట్టాడు. ఒక సమస్యకు ఒక జవాబు కాదు, జవాబుల గుంపొకటి పెట్టుకోండి. ఒక్కోదానికీ మార్కులు వేయండి. మంచివాటిని జతచేసి సగం దీన్నీ సగం దాన్నీ కలిపి కొత్త తరం పుట్టించండి. అప్పుడప్పుడు ఒక గడిని ఊరికే మార్చండి. తరాలు గడిచేకొద్దీ జవాబు మెరుగవుతుంది. చిట్టి పకపకా నవ్వింది. లెక్చరరు నిలబెట్టి ఎందుకు నవ్వావన్నాడు. “మా పెదనాన్న కత్తెరతో చేస్తాడు సార్” అంది. అలా ఆమె ప్రాజెక్టు పని తేలిపోయింది. కాలేజీవాళ్లు ఒక పాత కంప్యూటరు అప్పిచ్చారు. అది పెద్దమ్మ ముందుగదిలో, కుట్టుమిషను పక్కన, పిండిమరలా రొద చేస్తూ కూర్చుంది.

“గుంపులో ఎన్ని ఉండాలి సార్?” అని చిట్టి ఆరోజే అడిగింది. “అది సమస్యను బట్టి ఉంటుంది” అన్నాడాయన. తెలియదని చెప్పడానికి చదువుకున్నవాళ్లు వాడే మాట అది. చిట్టి కూడా తరువాత చాలాసార్లు వాడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మార్కెట్టు వంతెన మూతపడింది. మరమ్మతుకు పద్నాలుగు నెలలు పడుతుందన్నారు. బస్సులన్నీ చుట్టు తిరిగి పోవాలి. ప్రతి ట్రిప్పూ పొడవైంది, ఉన్న నలభై బస్సులూ చాలకుండా పోయాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి. డ్రైవర్లు, కండక్టర్లు ఒకరికొకరు బస్సు అప్పజెప్పుకునేది వంతెన మొదట్లోని మార్కెట్టు మలుపు దగ్గర. ఇప్పుడక్కడికి ఏ బస్సూ పోదు.

డిపో మేనేజరు పెదనాన్నను పిలిచాడు. చెడ్డవాడు కాదు. బల్ల మీద పెన్ను వంకరగా ఉంటే సర్దేదాకా మాట్లాడలేని మనిషి, అంతే.

“తొమ్మిది రోజులు టైమిస్తానండీ. అన్ని రూట్లూ ఇమిడే చార్టు చూపించండి. ఇమడకపోతే ఒక రూటు తీసేయక తప్పదు. తీస్తే జనం తక్కువున్న క్వారీదే తీయాలి.”

నెలాఖరుకు పెదనాన్న రిటైరు కావాలి. చివరి నెలలో తన చేత్తో తన బస్సునే కొట్టేయమంటున్నారు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాడు. అన్నంలో ఉప్పెక్కువైందని కూడా అనలేదు. దాంతో పెద్దమ్మకు విషయం అర్థమైపోయింది.

“ఏమండీ డ్రైవరుగారూ, క్వారీనా?”

“ఊఁ.”

“మరి మన చిట్టి మిషను ఉత్తినే కరెంటు తాగుతోందా?”

మర్నాడు చిట్టి డిపోలో ఉన్న పది చార్టులూ తెచ్చి కంప్యూటరుకు ఎక్కించింది. ఎందుకు పదే అంటే, దానికో కథ ఉంది. రెండేళ్ల కిందట మేనేజరు కొత్తగా వచ్చినప్పుడు చార్టు గది బీరువా తెరిపించి చూశాడు. దుమ్ము, ఏళ్లనాటి కాగితాలు. “మంచివి పది ఉంచండి. పనికిరానివి ఎందుకండీ చోటు దండగ?” అన్నాడు. తప్పు మాట కాదు. మార్కులు బాగా వచ్చిన పదీ బీరువాలో ఉండిపోయాయి.

కంప్యూటరు ఆ పదింటినీ కలుపుతూ, కత్తిరిస్తూ, ఐదు నిమిషాల్లో వంద తరాలు దాటించింది. మార్కులు అరవై నుంచి ఎనభై ఒకటికి ఎగబాకాయి. చిట్టి కుర్చీలోంచి ఎగిరింది. ఆ తరువాత రెండొందల తరాలైనా ఎనభై ఒకటే. మూడొందలైనా ఎనభై ఒకటే. గానుగెద్దులా తిరుగుతోంది తప్ప అడుగు ముందుకు పడలేదు. క్వారీ గడులు ఖాళీగానే ఉన్నాయి.

ఆఖరి తరంలోని పదింటినీ అచ్చుతీసి నేల మీద పరిచింది. పెదనాన్న చొక్కా గుండీలు కూడా విప్పకుండా వాటి చుట్టూ ఒకసారి నడిచాడు.

“ఇవి పది కావమ్మా. ఒకటే. పది అద్దాల్లో ఒకే మొహం.”

నిజమే. చిట్టి వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఒక గడి, రెండు గడులు తేడా. అన్నిట్లోనూ బస్సు చేతులు మారేది మార్కెట్టు మలుపు దగ్గరే.

“వీటి మొదటి పదీ మాత్రం వేరు వేరా ఏంటి?” అన్నాడాయన. “వాటన్నిటికీ తాత ఒక్కడే. వరద వచ్చిన ఏడాది వేసిన చార్టు. తొంభై ఆరు మార్కులు. దాన్ని చూసి మురిసిపోయి అందరం దాన్నుంచే కత్తిరించుకున్నాం. అన్నీ ఆ తానులో ముక్కలే.”

“ఒక గడిని నేను ఊరికే మారుస్తున్నానుగా పెదనాన్నా. మలుపు బదులు ఇంకో చోటు రావచ్చుగా?”

“ఒక్క డ్రైవరు ఇంకోచోట దిగి నిలబడితే ఏమవుతుంది? దిగినవాడొకచోట, ఎక్కాల్సినవాడింకోచోట. మార్కులు ఇంకా పడిపోతాయి, నీ మిషను వాణ్ని తీసి పారేస్తుంది. మారితే ఓ పది డ్యూటీలు కూడబలుక్కుని ఒక్కసారి మారాలి.”

పది చాలకపోతే రెండువేలు పెడదామనుకుంది చిట్టి. చిన్న వయసు కదా, తక్కువైందంటే ఎక్కువ చేయడమే మందనుకునే వయసు. కంప్యూటరు చేతనే అడ్డదిడ్డంగా రెండువేల చార్టులు పుట్టించింది. ఇప్పుడు ఒక్క తరం గడవడానికి పది నిమిషాలు. సాయంత్రం మొదలుపెట్టి వదిలేసింది. పొద్దున లేచి చూస్తే అరవై తరాలు, యాభై ఎనిమిది మార్కులు. తెరమీద చార్టులు రకరకాలుగా ఉన్నాయి, నిజమే. ఒకదాంట్లో డ్రైవరు లేకుండా బస్సు మూడు ట్రిప్పులు తిరిగింది. ఇంకోదాంట్లో ఒకే కండక్టరు రెండు బస్సుల్లో టికెట్లు కొడుతోంది.

“అదెవత్తే, నాకన్నా గట్టిది!” అంది పెద్దమ్మ టీ గ్లాసు అందిస్తూ. “మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అన్నారా?”

“ఇంకా తిప్పితే దార్లోకి వస్తుంది పెద్దమ్మా. టైము కావాలి.”

“ఎంత?”

చిట్టి కాగితం మీద లెక్కవేసి చూసుకుంది. నెలన్నర. చేతిలో ఉన్నది ఆరు రోజులు.

పది పెడితే త్వరగా పోయి గోడకు కొట్టుకుంటోంది. రెండువేలు పెడితే గోడ దాకా పోనేపోవడం లేదు. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలి? దిగులు ఒకవైపు, ఆ ప్రశ్న రుచి ఒకవైపు. దిగులు పెదనాన్న కోసం. రుచి మాత్రం ఆమె సొంతం, దాన్ని ఆపడం ఆమె వల్ల కాలేదు.

టీ గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లి, చక్కెర డబ్బా కోసం చేయి చాపింది. డబ్బా తీస్తే దాని అడుగున కాగితం మీద గుండ్రంగా మరక. మరక మధ్యలో పెదనాన్న చేతిరాత. ‘పాత సినిమా హాలు, రెండూ పదిహేను, చేతులు మారుట.’

మార్కెట్టు మలుపు కాదు. సినిమా హాలు.

చిట్టి పక్క డబ్బా తీసింది. దాని కిందా చార్టే. పై అరలో చార్టు, కింది అరలో చార్టు, పళ్లేల బుట్ట కింద, బట్టల అలమారాలో దుప్పట్ల కింద, ఒకదాని మీద ఒకటి మూడేసి, నాలుగేసి. మేనేజరు పారేయమన్నవన్నీ.

“నాలుగు ట్రిప్పుల్లో మోశాడే” అంది పెద్దమ్మ. “లగేజీ టికెట్టు కొడతానని నేనే అన్నాను. మామూలు మనిషైతే పాత పేపర్లవాడికేస్తాడు.”

మధ్యాహ్నానికల్లా వంటిల్లు సంత అయిపోయింది. డబ్బాలన్నీ నేల మీద, చార్టులన్నీ మంచం మీద. పెదనాన్న డిపో నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఇవన్నీ చెత్త చార్టులమ్మా. నలభై, యాభై మార్కులవి.”

“చెత్తే కావాలి పెదనాన్నా. నా రెండువేలూ మిషను ఊహించిన చెత్త. ఇవి బస్సులు నిజంగా తిరిగిన చెత్త. ఏ పుట్టలో ఏ పాముందో?”

నూట ముప్పై ఆరు తేలాయి. మిగిలిన ఒక్క అరా గట్టు మీది చిన్నది. దాంట్లో ఉప్పు డబ్బా ఒక్కటే ఉంది. చిట్టి దాని మీద చేయి వేసింది.

“అది వదిలేయ్.”

పెదనాన్న గొంతు పెంచలేదు. కానీ ఆ గొంతు ఇంట్లో వినే గొంతు కాదు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ని దిగమనే గొంతు. చిట్టి చేయి తీసేసింది.

మూడు రోజులు పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని గడి గడీ చదువుతుంటే చిట్టి టైపు చేసింది. పెద్దమ్మ చదువుతూ చదువుతూ ఆగిపోయేది. “ఈ పన్నెండో డ్యూటీవాడు చూడు, రోజూ మధ్యాహ్నం గంటకు అత్తారింటి స్టాపులో దిగేలా వేయించుకున్నాడు. అల్లుడు భోజనం!” ఇంకోచోట, “ఈ నెల నేను సెలవు. కడుపులో నిలవలేదు” అని, తరువాతి గడిలోకి వెళ్లిపోయింది. వాళ్లకు పిల్లలెందుకు లేరో ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక డ్యూటీ చార్టు చెప్పింది.

ఏడో రోజు పొద్దున నూట ముప్పై ఆరింటినీ కలిపి తిప్పింది. మొదటి గంట యాభై కూడా దాటలేదు. పదింటిలా పరుగులు లేవు. పెదనాన్న సెలవు పెట్టి మరీ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. మెల్లగా అరవై, డెబ్బై. ఎనభై ఒకటి దాటినప్పుడు ఆయన స్టూలు ముందుకు జరిగింది. ఎనభై అయిదు. ఎనభై తొమ్మిది.

అక్కడ ఆగిపోయింది.

క్వారీ రెండు ట్రిప్పులకూ కలిపి మార్కులు పదకొండు. ముప్పై తొమ్మిది డ్యూటీలు ఇమిడాయి. సరిగ్గా క్వారీ ఒక్కటే బయట నిలబడింది.

పెదనాన్న లేచి వీధిలోకి వెళ్లిపోయాడు. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లి, ఉప్పు డబ్బా చంకలో పెట్టుకుని, దాని కింది కాగితం పట్టుకొచ్చింది. బోర్లా పరిచి ఉండటంతో వెనకంతా ఉప్పు చెమర్చి గట్టిపడింది.

“చదవనా?”

“పెదనాన్న వద్దన్నాడు.”

“ఆయన పరువు ఇందులో ఉంది. ఆయన బస్సు అందులో ఉంది” అని తెర వైపు చూపించింది. “రెండిట్లో ఏది కావాలో తరువాత నేనడుగుతాలే, నువ్వు టైపు చెయ్.”

డిపోలో అందరూ పెదనాన్నను ట్యాంకన్న అంటారు. మనిషి చూస్తే చీపురుపుల్ల. ఎందుకలా అంటారో చిట్టికి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. ఆ చార్టు చదివాక అర్థమైంది. చార్టు గదికి వచ్చిన మొదటి నెలలో ఆయన ఎవరి పాత చార్టూ ముట్టకుండా, ఖాళీ కాగితం మీద సొంతంగా వేసిన చార్టది. పదమూడు డ్యూటీలు నీళ్ల ట్యాంకు దగ్గర చేతులు మారేలా వేశాడు. అక్కడ చల్లగా ఉంటుంది, మంచినీళ్లుంటాయి అనుకున్నాడు. అది ఎత్తు మీద ఉంది, నిలబడటానికి కప్పు లేదు, సగం బస్సులు ఆ దారిన పోనేపోవు అని అనుకోలేదు. అమల్లో పెట్టిన రోజే వాన. ఇరవై ఆరుమంది డ్రైవర్లు, కండక్టర్లు ట్యాంకు కింద తడిసి ముద్దై, బస్సులు లేక, తిట్టుకుంటూ నడిచి డిపోకొచ్చారు. ఒక్కరోజే నడిచిన చార్టు. ముప్పై నాలుగు మార్కులు. పేరు మాత్రం ఇరవై ఏళ్లుగా నడుస్తోంది.

వంతెన మూసేశాక బస్సులన్నీ చుట్టు తిరిగి పోతున్నది ఆ ట్యాంకు పక్కనుంచే.

చిట్టి దాన్ని గబగబా టైపు చేసింది. ఇక రెండు రోజులే ఉన్నాయి. తొందరలో, నూట ముప్పై ఏడూ తిప్పితే ఆరు గంటలు పడుతుందని, మంచి మార్కులవి ముప్పై తొమ్మిది ఏరి, వాటికి ట్యాంకు చార్టు కలిపి నలభై చేసి తిప్పింది. ఇరవై నిమిషాలు. ఎనభై తొమ్మిది. వెనక్కి వెళ్లి చూస్తే రెండో తరంలోనే ట్యాంకు చార్టు మాయం. అందరికన్నా మార్కులు తక్కువ కాబట్టి దానికి జోడే దొరకలేదు, మొదటే గెంటేశారు. మళ్లీ తిప్పింది. మళ్లీ మాయం. మూడోసారీ అంతే.

“పెద్దమ్మా, ఇది నిలవడం లేదు. మూడో తరానికి కూడా ఉండటం లేదు.”

పెద్దమ్మ కంప్యూటరు గురించి ఏమీ అడగలేదు. “ఎంతమందిని ఎక్కించావు?” అంది.

“నలభై.”

“అదీ సంగతి. ఖాళీ బస్సులో టికెట్టు లేనివాడు ఎక్కగానే దొరికిపోతాడే. కిక్కిరిసిన బస్సులో అయితే మూడు స్టాపులు దాటుతాడు. నేను వెనక నుంచి జనాన్ని తోసుకుని వచ్చేలోపు వాడికి తెలిసినవాడెవడో దొరికి టికెట్టు కొనిపెడతాడు కూడా. మొత్తం ఎక్కించు. చూద్దాం.”

చిట్టి అన్నీ ఎక్కించింది. తరానికి నలభై సెకన్లు. ఆ గుంపులో ఇరవైలు, ముప్పైలు తెచ్చుకున్నవీ చాలా ఉన్నాయి కాబట్టి ముప్పై నాలుగు అంత తలవంపుగా కనిపించలేదు. రెండో తరంలో ట్యాంకు ఉంది. అయిదో తరంలో, సినిమా హాలు చార్టొకదానితో కలిసి, యాభై రెండు మార్కుల పిల్ల పుట్టింది. ఇరవయ్యో తరానికి ట్యాంకు ఆనవాళ్లు ఆరింటిలో. ఒకసారి రెండుకు పడిపోయింది. చిట్టి కళ్లు మూసుకుంది. మళ్లీ నాలుగు, తొమ్మిది, ముప్పై.

సాయంత్రం పెదనాన్న వచ్చేసరికి తెర మీద తొంభై ఏడు ఉంది. క్వారీ పొద్దుటి ట్రిప్పూ ఉంది, నాలుగూ నలభై ట్రిప్పూ ఉంది. ఆయన చదువుకుంటూ చదువుకుంటూ పదమూడు డ్యూటీల దగ్గరికి వచ్చి ఆగాడు. వంటింటి గట్టు వైపు చూశాడు. ఉప్పు డబ్బా నేల మీద ఉంది.

“ఎవరు తీశారు?”

“కండక్టరు తీసింది” అంది పెద్దమ్మ. “ఏం, దింపేస్తారా?”

ఆయన ఎర్ర పెన్సిలు తీసుకుని, వంద నుంచి మొదలుపెట్టి, ఒక్కో గడీ తన చేత్తో మళ్లీ లెక్కవేశాడు. గంట పట్టింది.

“తొంభై ఏడే” అన్నాడు. “ఇద్దరు డ్రైవర్లకు భోజనం వేళ పది నిమిషాలు తగ్గింది. ట్యాంకు దగ్గర రేకులతో ఒక కప్పు వేయించాలి. ఈసారి వాన సంగతి ముందే చూసుకుందాం.”

ఆ రాత్రి నిద్ర పట్టక చిట్టి నోటుపుస్తకంలో అంకెలు రాసుకుంది. పది, నలభై, నూట ముప్పై ఏడు, రెండువేలు. పక్కన మార్కులు. ఇంకో సమస్యకు ఇంకో అంకె కావాలి. ఆ అంకె ముందే ఎలా తెలుస్తుంది? తరువాతి ముప్పై ఏళ్లు ఆమెకు జీతమిచ్చింది ఆ వరసే. గుంపు పెద్దదైతే ఎంత ఆలస్యమవుతుందో లెక్క కట్టగలిగింది. చిన్నదైతే ఏమేం పోగొట్టుకుంటామో మాత్రం పూర్తిగా లెక్క కట్టలేకపోయింది. పోయినదేదో పోయాక కనపడదు కదా.

మేనేజరు చార్టు చూసి, అంచులు సరిచేసి, సంతకం పెట్టాడు. “మీరుండగానే ఒకరోజు తిప్పి చూద్దామండీ” అన్నాడు. అలా కొత్త చార్టు మొదటి రోజూ, పెదనాన్న ఆఖరి రోజూ ఒకటే అయ్యాయి.

పొద్దుటి నుంచి డిపో అంతా ఒకటే గోల. “ట్యాంకన్నా, ఇరవై ఏళ్లకు మళ్లీ అక్కడికే తెచ్చావా!” అన్నాడొక డ్రైవరు కిటికీలోంచి. “గొడుగు నువ్వే కొనివ్వాలి!” అని అరిచాడింకొకడు. పెదనాన్న గేటు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ ఒక్కో బస్సుకూ టిక్కు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి ట్యాంకు దగ్గర పదమూడు బస్సులు చేతులు మారాయి. ఒక్కరూ ఆగిపోలేదు.

సాయంత్రం నాలుగున్నరకు వీడ్కోలు సభ. డిపో ఆవరణలో కుర్చీలు, బల్ల మీద గుడ్డ, దండ, శాలువా. చిట్టీ పెద్దమ్మా ముందు వరసలో కూర్చున్నారు. మైకువాడు ‘హలో, హలో’ అంటూనే ఉన్నాడు. మేనేజరుకు పైనుంచి ఫోనొచ్చింది. అయిదు నిమిషాల్లో వస్తానని లోపలికి వెళ్లాడు. నాలుగూ ముప్పై ఆరు. వర్క్‌షాపు పెద్దమేస్త్రీ మైకు అందుకుని, “ఆయన గురించి ఎంత చెప్పినా...” అని మొదలుపెట్టి, జేబులోంచి రాసుకొచ్చిన కాగితం తీశాడు.

అవతల మూడో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర క్వారీ బస్సు ఇంజను స్టార్టయింది.

పెదనాన్న చేతి గడియారం చూసుకున్నాడు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి బల్ల మీద, దండ పక్కన పెట్టాడు. మేస్త్రీ కాగితం తిప్పుకుంటున్నాడు. అందరి కళ్లూ మేస్త్రీ మీదే ఉన్నాయి. పెదనాన్న వాననీళ్లు దాటుకుంటున్నట్టు కుర్చీల పక్కనుంచి మెల్లగా నడిచి, ఆవరణ దాటి, వెనక తలుపులోంచి బస్సెక్కాడు. ఎక్కేవాళ్లందరితో పాటు, అందరిలాగే, కమ్మీ పట్టుకుని.

“పెద్దమ్మా, పెదనాన్న...” అంటూ చిట్టి పక్కకు తిరిగింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

నాలుగూ నలభై. బస్సు రేకు మీద లోపలి నుంచి, కండక్టర్లు ‘రైట్ రైట్’ చెప్పే పద్ధతిలో, అరచేత్తో రెండు దెబ్బలు పడ్డాయి. గట్టిగా, ఒకదాని వెంట ఒకటి. డ్యూటీ కండక్టరు ఇంకా మెట్ల మీద టికెట్లు సర్దుకుంటూనే ఉన్నాడు. బస్సు కదిలి, గేటు దాటి, ట్యాంకు దారిలోకి తిరిగింది.